దుంప పంటల పరిశోధనను సంస్కరిస్తారంట, మన ఇసుక నేలల దాకా ఏమన్నా వస్తదా?

ఉలవపాడు_దొరువు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. 2025 జూన్‌లో ఒక వార్త చదివి దాచిపెట్టుకున్నా. పెరూ రాజధాని లిమాలో ఉన్న అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం వాళ్ల దక్షిణాసియా శాఖను ఆగ్రా దగ్గర సింగ్నాలో పెట్టడానికి కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుందని. ఆ వార్త చివర్లో 'చిలగడదుంప కూడా' అని ఒక ముక్క ఉంది. ఆ ఒక్క ముక్క కోసమే ఈ పోస్టు.

మాది సముద్రం వైపు ఇసుక నేల. ఎకరంన్నరలో గెనుసుగడ్డ వేస్తా. శివరాత్రికి ఉపవాసం వాళ్లు కొంటారు కాబట్టి ఆ వారం ధర బాగుంటుంది, ఆ తర్వాత అడిగేవాడుండడు. తీగ మా నాయన కాలం నుంచీ అదే తీగ. ఎండాకాలమంతా దొరువు (ఇసుకలో తవ్విన నీళ్ల గుంట) గట్టున నాలుగు మడుల్లో బిందెలతో నీళ్లు పోసి బతికిస్తాం. వానలు పడ్డాక కోసి నాటుతాం. పదేళ్ల కిందటికీ ఇప్పటికీ దిగుబడి సగానికి పడింది. ఆకు ముడుచుకుంటా ఉంది. ముక్కు పురుగు తొలిచిన దుంప ఉడకబెడితే చేదు, గొడ్డు కూడా మూతి తిప్పుకుంటుంది.

ఈ మధ్య అంతర్జాతీయ పరిశోధనా సంస్థలను కలిపేస్తున్నారు, మారుస్తున్నారు అని ఎక్కడో ఒకచోట కనపడతా ఉంది. నా ప్రశ్న ఒకటే. లిమాలో ఏం మారితే నా దొరువు గట్టున తీగ మారుద్ది?

పెన్నా_గట్టు

అన్నా, నెల్లూరు మార్కెట్లో ఇరవై ఏళ్లుగా దుంపల వ్యాపారం నాది. ఉర్లగడ్డ ఉత్తరాది నుంచి లారీల్లో దిగుద్ది, కంద గోదావరి నుంచి వస్తది, గెనుసుగడ్డ మీ వైపు నుంచి కొంచెం. ఒక్క సైంటిస్టు కూడా నా కొట్టు ముందు నిలబడి 'ఏ దుంప పోతుంది, ఏది పోదు' అని అడిగిన పాపాన పోలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వాళ్ల ఆఫీసులు వాళ్లు కలుపుకుంటారు, విడదీసుకుంటారు. మనకేంది?

కందుకూరు_అగ్రి_బీఎస్సీ

చిన్న సవరణ, గెనుసుగడ్డా చిలగడదుంపా ఒకటే. కిందటిసారి ఇదే వేదికలో ఒకాయన కందగడ్డ అంటే కంద అనుకుని రెండు పేజీలు వాదించాడు. తెలంగాణవాళ్లు చిలగడదుంపను కందగడ్డ అంటారు. ఈ సారి పేర్ల దగ్గర ఆగొద్దు, ప్లీజ్.

పాత_ల్యాబ్

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. నేను ప్రభుత్వ పరిశోధనలో ముప్పై ఏళ్లు చేసి రిటైరై నెల్లూరులో ఉంటున్నా. కాస్త ఓపిగ్గా చదవండి.

సీజీఐఏఆర్ అనే అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనా కేంద్రాల కూటమి 1971లో పుట్టింది. మొదట అందులో నాలుగు కేంద్రాలు. ఫిలిప్పీన్స్‌లో వరికి, మెక్సికోలో గోధుమ మొక్కజొన్నలకు, ఉష్ణమండల వ్యవసాయానికి నైజీరియా ఇబాడాన్‌లో ఐఐటీఏ, కొలంబియా కాలిలో సియాట్. మీరు చెప్పిన లిమా బంగాళాదుంప కేంద్రం, దాన్నే సిప్ అంటారు, అదే ఏడాది మొదలైంది. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ 1972లో. దుంపలను ఎలా పంచుకున్నారో చూడండి. కర్రపెండలం ఆఫ్రికాకు ఐఐటీఏ, లాటిన్ అమెరికాకూ ఆసియాకూ సియాట్. పెండలం ఐఐటీఏకి. చిలగడదుంప మొదట ఐఐటీఏ దగ్గర ఉండేది, 1980లలో సిప్‌కి వెళ్లింది. అంటే అది సగం సవతి పిల్ల.

తర్వాత 2012 నుంచి 2021 దాకా దుంపలూ అరటీ కలిపి ఒకే కార్యక్రమంగా నడిపారు. సిప్ నాయకత్వం, మిగతా కేంద్రాలు తోడు. నా అభిప్రాయంలో ఆ పదేళ్లూ మంచి కాలం. కర్రపెండలం వాడూ చిలగడదుంప వాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని 'మనందరి జబ్బూ ఒకటే, విత్తనం' అని గుర్తించారు. ఈలోపు 2019లో కేంద్రాలన్నీ ఒకే గొడుగు కిందికి రావాలని ఇంకో సంస్కరణ తీర్మానించారు. ఇక్రిశాట్ ఆ విలీనంలో చేరకుండా బయటే ఉండిపోయింది. దుంపల కార్యక్రమం 2021తో ముగిసింది.

విత్తనం జబ్బు అన్నాను కదా. వరి గింజ తేలిక, ఎండబెడితే నిలవుంటుంది, జబ్బులు చాలావరకు గింజలోకి రావు. నెల్లూరు మసూరి, అదే ఎన్‌ఎల్‌ఆర్ 34449, ఒక రైతు గోతంలోంచి ఇంకో రైతు గోతంలోకి దూకుతూ రాష్ట్రాలు దాటింది. దుంప పంట అలా కాదు. మీరు నాటేది గింజ కాదు, పోయినేటి మొక్కలోని ముక్క. ఆ మొక్కకున్న వైరస్ కూడా దాంతోపాటే నడిచొస్తుంది. మీ నాయన కాలం తీగ అన్నారే, అందులో మీ నాయన కాలం జబ్బులు కూడా ఉన్నాయి.

ఉలవపాడు_దొరువు

ఆ ఆఖరి మాట గుచ్చుకుంది సార్. కానీ నిజమే అయ్యుంటది.

లెక్క చెప్తా వినండి. అరవై సెంటీమీటర్ల బోదెలు, ఇరవై సెంటీమీటర్లకొక ముక్క అంటే ఎకరానికి 33 వేల ముక్కలు. ఎకరంన్నరకి యాభై వేలు. శుభ్రమైన తీగ కోసం పోయినేడు ఒకచోట అడిగితే 'ఉన్నాయి, వంద ముక్కలు ఇస్తాం' అన్నారు. వంద ముక్కలు నేనేం చేసుకోను, పూజకు పెట్టుకోనా?

కందుకూరు_అగ్రి_బీఎస్సీ

వంద ముక్కలు తక్కువేం కాదన్నా, టైం ఇస్తే. కానీ కంద సంగతి తలచుకుంటే మీది స్వర్గం. కందలో అర కిలో ముక్క చొప్పున, తొంభై సెంటీమీటర్ల దూరంలో నాటితే ఎకరానికి దాదాపు రెండున్నర టన్నుల విత్తనం కావాలి. టన్నులు! విత్తనం కొనడానికే అప్పు, దాన్ని తేవడానికి లారీ. అందుకే మా కందుకూరు పక్కన ఒకరిద్దరు కంద మొదలుపెట్టి రెండో ఏడాదే మానేశారు. వంద గ్రాముల చిన్న ముక్కలతో ముందు విత్తన దుంప తయారు చేసుకునే పద్ధతి తిరువనంతపురంలోని కేంద్రీయ దుంప పంటల పరిశోధనా సంస్థ నేర్పుతుంది. దానికి మూలం నైజీరియాలో పెండలం మీద చేసిన పని.

ఇంకో విషయం. కందకు ప్రపంచంలో ఏ అంతర్జాతీయ కేంద్రమూ దిక్కు లేదు. బాగా పేరున్న గజేంద్ర రకం మన కొవ్వూరు పరిశోధనా స్థానం ఎంపికే, లిమాదీ కాదు, ఇబాడాన్‌దీ కాదు. జన్యు వనరులు దేశాలు పంచుకోవాలని 2001లో ఒక ఒప్పందం చేసుకున్నారు, పంటల జాబితా పెట్టారు. అందులో బంగాళాదుంప ఉంది, చిలగడదుంప ఉంది, కర్రపెండలం, పెండలం, చేమ ఉన్నాయి. కంద లేదు. కాబట్టి పెన్నా_గట్టు అన్నా, మీ సామెత తిరగబడింది. ఇక్కడ దురద కందకే ఉంది, కత్తిపీటకే పట్టట్లేదు.

పెన్నా_గట్టు

హహ. ఒప్పుకున్నా. కానీ అబ్బయ్యా, నువ్వు చెప్పినదాంతో నా మాటే గెలిచింది. మన కొవ్వూరే రకం ఇచ్చింది, మన తిరువనంతపురమే పద్ధతి ఇచ్చింది. ఇక లిమా ఎందుకు? ఆ డబ్బేదో మన దర్శి, కందుకూరు, నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రాలకు (కేవీకేలకు) ఇస్తే పోలా?

సేలం_ఉదయగిరోడు

ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయలేదు. సొంతూరు ఉదయగిరి దగ్గర, పని సేలంలో ఒక సగ్గుబియ్యం మిల్లులో. పెన్నా_గట్టు అన్న ప్రశ్నకు జవాబు నా కళ్లతో చూశా.

2020లో కేరళలో కర్రపెండలం మీద ఒక కొత్త పిండినల్లి కనిపించింది. తర్వాత మా సేలం, నామక్కల్ వైపు పాకింది. మొక్క కొస ముడుచుకుపోయి గుత్తిలాగా అయిపోతుంది, కణుపులు పొట్టివవుతాయి, నాటడానికి కర్ర కూడా మిగలదు. మందులు కొట్టారు, కొట్టారు, ఆ తెల్ల మైనం కిందికి మందు దిగదు. మిల్లుకి గడ్డ రావడం తగ్గింది. మాకు షిఫ్టులు తగ్గాయి, జీతం కూడా తగ్గింది. నా సొంత టెన్షన్ అది.

ఇదే పురుగు 1970లలో ఆఫ్రికాలోకి దిగింది. దాని సొంతిల్లు దక్షిణ అమెరికా. అక్కడ దాన్ని తినే శత్రువు ఎవరో వెతకాలని ఐఐటీఏలో హాన్స్ హెరెన్ అనే స్విస్ శాస్త్రవేత్త ఒక పని పెట్టుకున్నాడు. వెతగ్గా వెతగ్గా పరాగ్వేలో పురుగూ దొరికింది, దాని ఒంట్లో గుడ్లు పెట్టి చంపే గడ్డి గింజంత కందిరీగ కూడా దొరికింది. 1981లో నైజీరియాలో వదిలారు. తర్వాత ఒక్కో దేశమూ దాటుకుంటూ పోయింది. ఆయనకు 1995లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. 2009లో థాయ్‌లాండ్ అదే కందిరీగను బెనిన్‌లోని ఐఐటీఏ కేంద్రం నుంచి తెప్పించుకుంది. మన బెంగళూరు కీటక వనరుల బ్యూరో వాళ్లూ అక్కడి నుంచే తెచ్చి, క్వారంటైన్‌లో పరీక్షించి, 2022లో సేలం జిల్లాలో వదిలారు.

ఇప్పుడు చెప్పండన్నా. పరాగ్వే అడవి గట్టున కందిరీగను వెతికే పని ఏ జిల్లా కేవీకే చేస్తుంది? నలభై ఏళ్లపాటు ఆ కందిరీగను పెంచుతూ, అడిగినోడికి అడిగినట్టు ఇచ్చే పని ఎవరు చేస్తారు?

పెన్నా_గట్టు

...సరే. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒక టీ తాగొచ్చి ఆలోచిస్తా.

పాత_ల్యాబ్

సేలం మిత్రునికి ధన్యవాదాలు, నేను చెప్పబోయింది మీరే చెప్పారు. ఇలాంటిదే ఇంకొకటి. 1993లో సమోవా దీవుల్లో చేమకు ఆకు మాడు తెగులు వచ్చింది. వాళ్ల ఎగుమతుల్లో చేమే పెద్దది. పంట తుడిచిపెట్టుకుపోయింది. తట్టుకునే మొక్కలు ఆసియా వైపు నుంచి తెచ్చి కలిపితేగానీ మళ్లీ నిలబడలేదు. అలాంటి రోజు కోసమే ఎవరో ఒకరు రకాలన్నీ బతికించి ఉంచాలి.

దుంపల్లో అది ఖరీదైన పని. వరి గింజలైతే మైనస్ 18 డిగ్రీల గదిలో పెట్టి తాళం వేస్తే దశాబ్దాలు ఉంటాయి. నార్వే మంచు కొండలో స్వాల్‌బార్డ్ అని 2008లో ఖజానా తెరిచారు, అదీ గింజల కోసమే. చిలగడదుంప రకం అచ్చంగా అలాగే ఉండాలంటే గాజు గొట్టంలో చిన్న మొక్కగా పెంచాలి, ఏడాదికో రెండేళ్లకో కొత్త గొట్టంలోకి మార్చాలి. వేల గొట్టాలు. ఒక ఏడాది జీతాలు ఆగితే ఆ రకాలు పోతాయి. 2025లో అమెరికా తన విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ గొట్టాలే. సీజీఐఏఆర్‌కు పెద్ద దాతల్లో అదొకటి.

కందుకూరు_అగ్రి_బీఎస్సీ

సార్, మీ మీద గౌరవంతోనే అంటున్నా. ఎప్పుడు సంస్కరణ అన్నా పెద్దవాళ్లంతా జన్యు బ్యాంకు చూపించి భయపెడతారు. బ్యాంకు ఉండాలి, ఎవరు వద్దన్నారు? మిగతా డబ్బు సంగతి మాట్లాడదాం. పదేళ్లకోసారి పేరు మారుద్ది, బోర్డు మారుద్ది, లోగో మారుద్ది. శాస్త్రవేత్త మూడేళ్ల ప్రాజెక్టు కోసం ఆరు నెలలు కాగితాలు నింపుతాడు. కర్రపెండలంలో సంకరం చేసిన దగ్గర నుంచి రకం విడుదలయ్యేదాకా ఎనిమిది పదేళ్లు పడుతుంది. మూడేళ్ల ప్రాజెక్టులో ఎనిమిదేళ్ల బిడ్డను ఎట్టా కంటారు?

పోనీ రకం వచ్చిందే అనుకుందాం. అక్కడితో లెక్క మూసేస్తారు. 'విడుదల చేశాం' అని రాసుకుంటారు. ఆ రకం ఎన్ని ఎకరాల్లో ఉంది, తీగ ఎవరు పెంచుతున్నారు అన్నది ఎవరి ఖాతాలోనూ ఉండదు.

పాత_ల్యాబ్

నువ్వు పుట్టకముందు నుంచీ నేను ఆ కాగితాలు నింపాను నాయనా. నాకు చెప్పక్కర్లేదు. అయినా గొట్టాలు పెంచేవాడి జీతం కూడా ఆ 'మిగతా డబ్బు'లోనే ఉంటుంది, అది మర్చిపోవద్దు.

మోడరేటర్

ఇద్దరూ కాస్త చల్లబడండి. వ్యక్తిగత మాటలు రెండు తీసేశాను. విషయం మాత్రం కొనసాగించండి, బాగుంది.

కొత్తపట్నం_అక్క

మగవాళ్లంతా రకం, డబ్బు, బోర్డు అంటున్నారు. తినేవాళ్ల మాట ఒకటి నేను చెప్తా.

మా సంఘంలో పన్నెండుమందిమి. రెండేళ్ల కిందట నారింజ రంగు చిలగడదుంప తీగ తెచ్చుకున్నాం, భూసోనా అనే రకం. వంద గ్రాముల్లో 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుందని, మామూలు వాటిలో రెండు మూడే అని చెప్పారు. కళ్లకు మంచిది, పిల్లలకు విటమిన్ ఎ. ఆఫ్రికాలో ఇలాంటి దుంపనే ఊరూరా తినిపించినందుకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. సిప్ నుంచి మరియా ఆండ్రేడ్, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే ముగ్గురు, వాళ్లతో పాటు హోవార్త్ బౌయిస్.

మా దగ్గర ఏం జరిగిందంటే, పిల్లలు ఎగబడ్డారు. రంగు చూసి క్యారెట్ హల్వా అనుకున్నారు. మా అత్త ఒక ముక్క కొరికి 'ఏందే ఇది, నీళ్ల గుమ్మడికాయలాగా' అని పక్కన పెట్టేసింది. ఆమెకి గెనుసుగడ్డ అంటే పిండిపిండిగా గొంతులో అడ్డం పడాలి, నీళ్లు తాగాలి. నారింజ దుంపలో మామూలుగా ఆ పిండి తక్కువ. ఆఫ్రికాలో కూడా పెద్దవాళ్లు ఇదే మాట అన్నారంట.

ఉడకబెట్టడం మానేసి, తురిమి పొంగనాల పిండిలో కలిపా. పూర్ణంలో బెల్లం తగ్గించి దీన్ని వేసి బొబ్బట్లు చేశా. అత్త రెండు తిని మూడోది అడిగింది. ఆ దుంపే అని చెప్పలేదు, ఇప్పటికీ.

కానీ సంతలో అమ్మబోతే వ్యాపారి కోసి చూసి 'లోపల పసుపు తిరిగింది, పాడైంది' అన్నాడు. కిలోకి సగం ధర. సంస్కరణ చేసే పెద్దలు వంటింట్లో ఒక గంట, సంతలో ఒక గంట కూర్చోవాలి. రకం విడుదల చేశాక కాదు, చేయకముందు.

పెన్నా_గట్టు

అక్కా, ఆ వ్యాపారి నేను కాదు గానీ నేనున్నా అదే అనేవాణ్ణి. నిజం చెప్తున్నా. ఎర్ర తోలు, తెల్ల కండ, మధ్యస్తం సైజు, నిలువుగా ఉండాలి. అదే పోతుంది. లోపల రంగు వేరేగా ఉంటే కొనుక్కున్నోళ్లు మర్నాడు సంచీ తెచ్చి నా మొహాన కొడతారు. శివరాత్రి నాడు అయితే మరీను. నారింజది అమ్మాలంటే ముందే కోసి, ఉడకబెట్టి, ముక్క చేతిలో పెట్టి అమ్మాలి. అది నా ఒక్కడి వల్ల కాదు.

టీ తాగొచ్చా. కందిరీగ మాట ఒప్పుకుంటున్నా. అట్టాంటి పని లిమావాళ్లో ఇబాడాన్‌వాళ్లో చేయాల్సిందే. నా గొడవ మిగతాదాని మీద.

ఉలవపాడు_దొరువు

అంతా చదివా, రెండుసార్లు. నాకు అర్థమైంది ఇది. పురుగుకి శత్రువును వెతకడం, రకాలు గొట్టాల్లో దాచడం, వైరస్ తీసేసిన మొదటి మొక్క చేయడం, ఇవి పెద్ద ఊళ్ల పనులు. వాటి డబ్బు కొయ్యకూడదు. ఆ మొదటి మొక్క నా దాకా యాభై వేల ముక్కలయ్యి రావడం ఎవరి పనీ కాదు. విత్తనాల కంపెనీ చేయదు, ఎందుకంటే ఒకసారి అమ్మితే నేనే పెంచుకుంటా, మళ్లీ కొనను. కట్ట కట్టిన తీగ రెండ్రోజులు దాటితే వాడిపోద్ది కాబట్టి దూరం పంపలేరు. అందరూ రకం దగ్గర ఆగిపోయారు. ఏ దేశంలోనైనా ఎవరైనా ఇది సాధించారా సార్?

పాత_ల్యాబ్

సాధించారు. చైనాలో షాండాంగ్ రాష్ట్రం. 1990లలో వైరస్ తీసేసిన చిలగడదుంప మొక్కలను ల్యాబులో చేసి, కౌంటీ నర్సరీల్లో పెంచి, ఊరి నర్సరీలకు దించి, రైతులకు చేర్చారు. రకాలు పాతవే, దిగుబడి 30 శాతానికి పైగా పెరిగింది. మెట్లు మెట్లుగా నర్సరీలు ఉన్నాయి, అదే కిటుకు.

ఆఫ్రికాలో ఇంకో దారి. ఊళ్లోనే ఒక రైతును తీగ పెంచేవాడిగా తయారు చేస్తారు. వాడి దగ్గర దోమతెర లాంటి సన్న వల కప్పిన చిన్న మడి ఉంటుంది. పేనుబంక, తెల్లదోమ లోపలికి రావు కాబట్టి వైరస్ ఎక్కదు. ఆ మడిలోంచి తీసి బయట పెంచి అమ్ముతాడు. వల మడికి అయ్యే ఖర్చు మన రైతు భరించలేనిదేమీ కాదు.

ఇక మీకు ప్రత్యేకంగా పనికొచ్చేది ఇంకోటుంది. వాన లేని నెలల్లో తీగ బతికించలేని చోట సిప్‌వాళ్లు తూర్పు ఆఫ్రికాలో ఒక పద్ధతి వ్యాప్తి చేశారు. పురుగు లేని చిన్న దుంపలు ఏరి, ఒక తొట్టెలో పొడి ఇసుక పొర, దుంపల పొర, మళ్లీ ఇసుక. నీడలో పెట్టేయడమే. వానలకు ఆరేడు వారాల ముందు తీసి మడిలో నాటి నీళ్లు పోస్తే మొలకలొస్తాయి. నలభై దుంపల నుంచి సుమారు 1500 ముక్కలు.

కొత్తపట్నం_అక్క

సార్! ఇసుకలో దుంప దాచడం మా అమ్మమ్మ చేసేది. గాదె కింద, పొయ్యి బూడిద కూడా కలిపేది. తినడానికి దాచేది గానీ, మొలకొచ్చినవి పెరట్లో పెట్టేది. దీనికోసం లిమా దాకా పోయారా?

పాత_ల్యాబ్

పోయింది దాచడం కనిపెట్టడానికి కాదమ్మా. ఎన్నాళ్లు ఉంటుంది, ఎన్ని దుంపలకు ఎన్ని ముక్కలు, పురుగు ఉన్న దుంప ఒకటి కలిస్తే ఏమవుతుంది, ఇవి లెక్కగట్టడానికి. మీ అమ్మమ్మ పక్కన ఒక నోటు పుస్తకం పట్టుకుని కూర్చునేవాడు మనకు లేకపోయాడు, అంతే తేడా. నా సర్వీసులో నేనూ కూర్చోలేదు, ఒప్పుకుంటున్నా.

జాగ్రత్త మాత్రం చెప్తా. అక్కడ దాచేది మూడు నాలుగు నెలలు. మన దగ్గర శివరాత్రికి తవ్వితే ఆగస్టు దాకా ఆపాలి, మధ్యలో మన మే నెల ఎండ. కాబట్టి అంతా దీనిమీదే పెట్టుకోవద్దు. దొరువు గట్టున మడి కూడా ఉంచుకోండి. రెండూ పక్కపక్కన చేసి చూడండి. ఇంకో మాట, జబ్బున్న తీగ దుంపను దాస్తే జబ్బు కూడా దాగుతుంది. ముందు శుభ్రమైన తీగ కావాలి.

కందుకూరు_అగ్రి_బీఎస్సీ

సార్, ఇందాకటి మాటకు సారీ. అన్నా, ఆ వంద ముక్కలు ఇస్తామన్న చోట మళ్లీ అడగండి, ఈసారి వద్దనకండి. వల నేను తెస్తా. వంద ముక్కలు వల మడిలో పెడితే, రెండు నెలలకు కోసి మళ్లీ నాటితే, అక్టోబరుకి ఎన్నవుతాయో నేను వారం వారం లెక్క రాస్తా. నోటు పుస్తకం నాది.

ఉలవపాడు_దొరువు

సరే అబ్బయ్యా, రేపే ఫోన్ చేస్తా. నలభై దుంపలు కూడా తీసి పెడతా, ఇసుకకేం కరువు లేదు మా దగ్గర.

కొత్తపట్నం_అక్క

మేం ఈ గురువారం తవ్వుతున్నాం. నారింజ తీగ కావాల్సినవాళ్లు రండి, ఊరికే ఇస్తాం. కొసలు మాత్రమే కోసుకోండి, మొదలు వద్దు, పురుగు మొదట్లోనే గుడ్లు పెడుతుంది. గోనెసంచి తడిపి తెచ్చుకోండి. పొద్దున్నే రావాలి, పది దాటితే తీగ వాడిపోద్ది.

పెన్నా_గట్టు

గురువారం నేనూ వస్తున్నా అక్కా. తీగకి కాదు, ఆ బొబ్బట్ల సంగతి చూడ్డానికి. బాగుంటే వచ్చే శివరాత్రికి కొట్టు ముందు ఒక పళ్లెం పెట్టి చూస్తా. తెల్లవి మాత్రం మామూలుగానే పంపండి, అన్నీ నారింజ చేసి నా పొట్ట కొట్టొద్దు.

సేలం_ఉదయగిరోడు

గురువారం నాకు షిఫ్టు ఉంది. ఫోటోలు పెట్టండి.